బెజవాడ ఎండకు తగ్గ లిక్విడ్ క్రిస్టల్ పట్టీ ఇలా చేయండి

ద్రవంలా జారుతూనే అణువులు స్ఫటికంలోలా వరుసగా ఉండే పదార్థమే లిక్విడ్ క్రిస్టల్. వేడి మారితే రంగు మార్చే లిక్విడ్ క్రిస్టల్ పట్టీని కాలేజీ ల్యాబ్‌లో ఒక్క పూటలో చేసుకోవచ్చు. ఎక్కువమంది దెబ్బ తినేది కలపడంలో కాదు, కొలత ఎంచుకోవడంలో. 17 నుంచి 23 డిగ్రీల సెల్సియస్ మధ్య రంగులిచ్చే మిశ్రమం చల్లని ఊళ్లకు బాగుంటుంది. విజయవాడలో మే నెలలో అది ఏ రంగూ లేకుండా బల్ల మీద పడి ఉంటుంది.

కావలసినవి కొలెస్టరాల్‌ నుంచి చేసే మూడు రసాయనాలు: కొలెస్టరిల్ ఓలియైల్ కార్బొనేట్, కొలెస్టరిల్ పెలార్గొనేట్, కొలెస్టరిల్ బెంజోయేట్. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త రైనిట్జర్ 145.5 డిగ్రీల దగ్గర మబ్బుగా కరిగి, 178.5 దగ్గర తేటపడటం చూసింది ఈ బెంజోయేట్‌లోనే. లిక్విడ్ క్రిస్టళ్ల కథ మొదలైంది అక్కడే.

ఒక గ్రాము మిశ్రమానికి బెంజోయేట్ ఎప్పుడూ 0.10 గ్రాము. మిగతా రెండే మారతాయి. గది 25 డిగ్రీల దగ్గరుండే చలికాలానికి ఓలియైల్ 0.43, పెలార్గొనేట్ 0.47 వేస్తే 29–32 డిగ్రీల మధ్య రంగులు వస్తాయి. 0.40, 0.50 వేస్తే 32–35. నడి వేసవికి 0.34, 0.56 వేయండి, 35–38 వస్తుంది. అంటే ఈ చివరి రెండు కొలతల మధ్య 0.02 గ్రాము అటు నుంచి ఇటు మారిస్తే రంగులిచ్చే పరిధి ఒక డిగ్రీ జరుగుతుంది. అందుకే 0.1 గ్రాము వరకే చూపే కాటా పనికిరాదు. 0.01 గ్రాము వరకు చూపే కాటా కావాలి. రెండు గ్రాములు ఒకేసారి కలిపితే తూకంలో దొర్లే తప్పు ప్రభావం సగానికి తగ్గుతుంది.

ఓలియైల్ కార్బొనేట్ మన వేడికి చిక్కటి జిగురులా ఉంటుంది. కాగితం మీద తూస్తే సగం కాగితానికే అంటుకుపోతుంది. చిన్న గాజు సీసాను కాటా మీద పెట్టి సున్నా చేసి, ముందు దాన్నే గాజు కడ్డీతో నేరుగా సీసాలోకి జార్చండి. పొడులు రెండూ తర్వాత.

సీసాను పటకారుతో పట్టుకుని, వేడి గాలి ఊదే హీట్ గన్‌తో కాచండి. మూత బిగించవద్దు, లోపలి గాలికి సీసా పగలవచ్చు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి, కిటికీ తెరిచి ఉంచండి. అడుగున ఒక్క పలుకు కూడా మిగలకుండా నీళ్లలా తేటపడాలి. పలుకులు మిగిలితే పట్టీ మీద రంగు మారని మచ్చలవుతాయి.

వేడిగా ఉండగానే పుస్తకాల అట్టలకు వేసే అంటుకునే ప్లాస్టిక్ షీట్ మీద మధ్యలో పోయండి. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఆ షీట్ దొరుకుతుంది. పైన మరో ముక్క వేసి, బొటనవేలితో మధ్య నుంచి అంచులకు తోయండి. బుడగలు పోవాలి, పొర పలుచబడాలి. మందంగా మిగిలితే పాలలా తెల్లగా కనిపిస్తుంది. చుట్టూ ఒక సెంటీమీటరు అంచు వదిలి గట్టిగా అంటించండి, గాలి తగులుతుంటే కొన్నాళ్లకు పరిధి జరిగిపోతుంది.

వెనక నల్ల చార్టు తప్పకుండా ఉండాలి. ఇది రంగు పూత కాదు. అణువులు మెట్లు మెట్లుగా మెలి తిరిగి ఉంటాయి, ఆ మెలిక పొడవుకు సరిపడే కాంతినే వెనక్కి పంపుతాయి, మిగతాది దాటిపోతుంది. దాటినదాన్ని నలుపు మింగేస్తేనే రంగు నిలుస్తుంది. తెల్ల కాగితం పెడితే ఆ కాంతి తిరిగొచ్చి రంగును కడిగేస్తుంది. వేడెక్కేకొద్దీ మెలిక బిగుస్తుంది కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో మారుతుంది. పక్కకు వంచి చూసినా నీలం వైపే జరుగుతుంది, అందుకని రంగును ఎప్పుడూ ఎదురుగానే చూడండి.

చలికాలంలో అరచెయ్యి పెట్టి తీస్తే వేళ్ల అచ్చు రంగుల్లో పడుతుంది. వేసవిలో గది, అరచెయ్యి దాదాపు ఒకే వేడిలో ఉంటాయి, చెయ్యి పెట్టినా పట్టీ రంగు మారదు. అప్పుడు కుండనీళ్లు పోసిన స్టీలు గ్లాసు పెట్టండి. నీలంగా ఉన్న చోట గ్లాసు అడుగు నల్లటి చక్రంలా పడుతుంది. గ్లాసు తీశాక అంచు నుంచి లోపలికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెంట ఒకటి కమ్ముకొస్తాయి.

రంగే రాకపోతే పారేయకండి. ముందు చల్లటి గ్లాసు, తర్వాత గోరువెచ్చటి గ్లాసు పెట్టి చూడండి, పరిధి ఎటు జరిగిందో తెలుస్తుంది. చల్లటి దానికి రంగొస్తే గది పరిధిని దాటేసిందని అర్థం, మళ్లీ కలిపేటప్పుడు పెలార్గొనేట్ పెంచి ఓలియైల్ అంతే తగ్గించండి. మిగిలిన మిశ్రమాన్ని మూత పెట్టి, వెలుతురు పడని చోట దాచండి. పలుకులు కడితే మళ్లీ తేటపడేదాకా కాచి వాడుకోవచ్చు.