స్కీ జంపింగ్ పోటీని అర్థం చేసుకుంటూ చూడటం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో శీతాకాల ఒలింపిక్స్‌ను టీవీలో చూసే మన తెలుగు పిల్లలు, కాళ్లకు స్కీలు (పొడవాటి పలకలు) తొడుక్కుని మంచు వాలుపై జారి గాలిలోకి ఎగిరే స్కీ జంపింగ్‌లో ఎక్కువ దూరం దూకినవారే గెలుస్తారని సహజంగా అనుకుంటారు. అది సగమే నిజం కనుక, ముందుగా దిగే చోట దూరానికి కొలమానంగా ఉండే కె-పాయింట్ అనే గీతను వారికి చూపించండి. ‘పెద్ద కొండ’ (లార్జ్ హిల్) పోటీలో ఆ గీత వద్ద దిగితే 60 పాయింట్లు లభిస్తాయి. దాటిన ప్రతి మీటరుకూ 1.8 కలుపుతారు, తగ్గితే అంతే తీసివేస్తారు. ఐదుగురు న్యాయనిర్ణేతలు తలా 20 వరకు ఇచ్చే శైలి మార్కులలో అత్యధికాన్నీ అత్యల్పాన్నీ వదిలి, మిగిలిన మూడింటినీ కూడుతారు. గాలిని బట్టి సవరణ కూడా ఉంటుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది జారుతూ వచ్చే వాలు చివర ఎగిరే క్షణం, ఎందుకంటే అక్కడ పైకి లేవడంలో రవ్వంత ముందువెనుకలైనా ఆ నష్టాన్ని గాలిలో పూడ్చుకోవడం చాలా కష్టం. దిగేటప్పుడు ఒక పాదం ముందుకు, మరొకటి వెనుకకు ఉంచి మోకాళ్లు వంచే టెలిమార్క్ భంగిమ లేకపోతే శైలి మార్కులు తగ్గుతాయి.

పాత పోటీలను ఫిన్లాండ్ క్రీడాకారుడు మట్టి నైకానెన్‌తో మొదలుపెట్టండి. 1984లో సరయేవో ఒలింపిక్స్‌లో ఒక స్వర్ణం, ఒక రజతం గెలిచిన ఆయన, 1988లో కాల్గరీలో మూడు స్వర్ణాలు సాధించారు. ఆయన స్కీలను జతగా ఉంచి ఎగిరేవారు. నేడు కనిపించే, స్కీల ముందు కొనలను దూరంగా విప్పి ఉంచే ‘వి’ ఆకారానికి దారి చూపినవారు స్వీడన్‌కు చెందిన యాన్ బోక్లెవ్.