కాయిలోవర్లు కొనే ముందు ఎత్తు ఎక్కడ మారుతుందో చూడండి

కారుకు అడ్జస్టబుల్ కాయిలోవర్లు (స్ప్రింగు, డ్యాంపర్ అంటే షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండే సస్పెన్షన్) వేయించాలనుకునేవారు చాలామంది ముందుగా డ్యాంపర్ గట్టిదనాన్ని మార్చే క్లిక్కులు ఎన్ని ఉన్నాయో చూస్తారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది, ఎత్తు ఎక్కడ మారుతుందన్నది. కొన్నింటిలో స్ప్రింగు కింద ఉండే రింగును దించితేనే కారు కిందికి దిగుతుంది. దాంతో డ్యాంపర్ కడ్డీ ముందే కొంత లోపలికి జరిగిపోయి, గుంతలో పడినప్పుడు కుదించుకోవడానికి మిగిలే దూరం తగ్గుతుంది. మలుపు మధ్యలో డ్యాంపర్ బంప్ స్టాప్‌కు (కడ్డీ పూర్తిగా లోపలికి దిగకుండా ఆపే మెత్తటి దిమ్మెకు) తగిలిందంటే ఆ చక్రం పట్టు ఒక్కసారిగా సడలవచ్చు. డ్యాంపర్‌ను చక్రం వైపు బిగించే కింది బ్రాకెట్‌ను విడిగా తిప్పే రకంలో అయితే స్ప్రింగును కదపకుండానే ఎత్తు మార్చుకోవచ్చు. ధర ఎక్కువైనా సరే, దయచేసి ఈ రకమే తీసుకోండి.

స్ప్రింగు ఎంత గట్టిదైతే డ్యాంపర్‌కు రీబౌండ్‌ను (కుదించుకున్న స్ప్రింగు తిరిగి సాగడాన్ని) అదుపు చేసే బలం అంత ఉండాలి. లేకపోతే కారు ఊగుతూనే ఉంటుంది. అందుకే రెండూ కలిపి రూపొందించిన సెట్టే మేలు.

బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, ఎత్తుతో పాటు క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగి ఉండే కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా మారతాయి. క్లిక్కులను పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టి, నాలుగు చక్రాలవీ రాసిపెట్టుకోండి.