చీమకుర్తి గ్యాంగ్‌సాతో ఇండస్ట్రియల్ మెటల్ ఆల్బమ్: శబ్దం తీయడం నుంచి జనానికి వినిపించడం దాకా

ఇండస్ట్రియల్ మెటల్ (యంత్రాల శబ్దాలు కలిపిన హెవీ మెటల్) చేసే కుర్రాళ్లలో ఎక్కువమంది ముందు రిఫ్ (గిటారు మీద మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల వరుస) కట్టుకుని, డ్రమ్స్ వేసుకుని, చివర్లో నెట్‌లో దొరికిన ఫ్యాక్టరీ శబ్దం ఒకటి తెచ్చి పైన చల్లుతారు. అది పాటకి పరాయిదని వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. దీన్ని తిరగేసి చేయాలి. లయ, శృతి రెండూ యంత్రం దగ్గరే తీసుకుని రిఫ్ తర్వాత కట్టాలి. బర్మింగ్‌హామ్ బ్యాండ్ గాడ్‌ఫ్లెష్ 1989లో తెచ్చిన ‘స్ట్రీట్‌క్లీనర్’ ఆల్బమ్‌లో డ్రమ్మర్ లేడు. డ్రమ్ మెషీన్ బిగుసుకుని కొడుతుంటే గిటారూ బేసూ దానికి లోబడి నడుస్తాయి. ఆ బరువంతా అక్కడినుంచే వచ్చింది. మనకి యంత్రాల కొరత లేదు. చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి కోసే పెద్ద రంపపు యంత్రాలు, అంటే గ్యాంగ్‌సాలు, నెల్లూరు చుట్టూ రైస్ మిల్లులు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు ఉన్నాయి.

శబ్దం తీయడం

ముందు యజమానినో సూపర్‌వైజర్‌నో అడగండి. వీడియో కాదు, శబ్దం మాత్రమేనని చెప్తే సగం అనుమానాలు అక్కడే పోతాయి. చెవులకి ఇయర్‌ప్లగ్స్, ముక్కుకి మంచి మాస్కు లేకుండా షెడ్డులోకి పోవద్దు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.

రికార్డర్‌ని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. తర్వాత శబ్దాన్ని ఒక అష్టకం కిందికి దించినా పదును కొంత మిగులుతుంది. ఆటో లెవెల్ తప్పనిసరిగా ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్రతి దెబ్బ తర్వాతా వెనక హోరు ఉబ్బి వస్తుంది, దాన్ని సరిచేసే దారి ఉండదు. పీకులు, అంటే శబ్దం ఎక్కే గరిష్ఠ స్థాయిలు, మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. మీటరు బాగానే ఉన్నా శబ్దం పగిలి వినిపిస్తే పగిలింది మైకు లోపల. అప్పుడు లెవెల్ తగ్గించి లాభం లేదు, మైకునే దూరం జరపాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రేకుల షెడ్డులో ప్రతిధ్వని వల్ల అంత తగ్గదు.

అసలు చిక్కు నీళ్లతో. రాయి కోసేటప్పుడు నీళ్లు ఆగవు, ఆ సొయ్యిమనే చప్పుడు మైకు నిండా ఎక్కుతుంది. దీనికి మందు కాంటాక్ట్ మైకు, అంటే గాలిలో శబ్దం కాకుండా అంటించిన వస్తువు కంపనాన్ని పట్టే మైకు. ఎలక్ట్రానిక్ స్పేర్‌పార్ట్స్ షాపులో 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల చవగ్గా దొరుకుతుంది. షీల్డ్ వైరు సోల్డర్ చేసి, జాక్ పెట్టి, తడి తగలకుండా బిళ్ల మీద ఎపాక్సీ పూయండి. యంత్రం ఆగి ఉన్నప్పుడు, కదలని ఫ్రేము మీద మాత్రమే, డబుల్ సైడ్ టేపుతో అంటించండి. దాన్ని గిటారు పెట్టే హై-జడ్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. మామూలు మైకు ఇన్‌పుట్‌లో పెడితే కింది శబ్దమంతా పోయి గీరుడు మాత్రం మిగులుతుంది.

గాలిలో మైకు, ఫ్రేము మీద పీజో రెండూ ఒకేసారి తీయండి. రెండూ కలిపినప్పుడు బరువు తగ్గితే ఒకదాని పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి. ఒక్కో యంత్రం దగ్గర కనీసం 5 నిమిషాలు ఆగకుండా తీయాలి. యంత్రం వేగం అందుకునేటప్పుడూ ఆగేటప్పుడూ వచ్చే శబ్దం విడిగా తీసుకోండి, పాట మొదలుకీ ముగింపుకీ అంతకన్నా మంచి సరుకు దొరకదు. షిఫ్ట్ లేని వేళ అదే షెడ్డులో ఒక బెలూన్ పగలగొట్టి ఆ మోత రికార్డు చేయండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రీవెర్బ్ (ప్రతిధ్వని) ప్లగిన్‌లో ఆ ఫైలు పెడితే మీ డ్రమ్స్ కూడా ఆ రేకుల కిందే మోగుతాయి.

లయ, శృతి

గ్యాంగ్‌సా ఫ్రేము ముందుకీ వెనక్కీ ఊగుతూ కోస్తుంది. 20 ఊపులకి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1200ని దాంతో భాగించండి. 16.6 సెకన్లు పడితే 72.3 వస్తుంది, ప్రాజెక్ట్ టెంపో అదే పెట్టండి. దశాంశం వదిలేసి 72 చేసి శబ్దాన్ని సాగదీయొద్దు, సాగిన ఇనుము నీరుకారిపోతుంది. ఒక్కో ఊపులో పోక, రాక రెండూ ఉంటాయి కాబట్టి రెట్టింపు, 144.6 మీద వేగంగానూ వాయించొచ్చు, 72.3 మీద ఈడ్చుకుంటూనూ వాయించొచ్చు. మోటారు వేగం లోడును బట్టి కొంచెం మారుతుంది. అందుకే లూపు (మళ్లీ మళ్లీ తిరిగే ముక్క) కోసం నిలకడగా ఉన్న 4 బార్లే (తాళం ఆవృత్తాలే) కోసుకోండి. సగం టేకు లైన్ కరెంటు మీద, సగం జనరేటర్ మీద తీస్తే రెంటికీ లయా శృతీ కలవవు. కరెంటు పోయిందంటే ఆ టేకు అక్కడితో సరి.

మన కరెంటు 50 హెర్ట్జ్. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల గూంకారం దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సంగీతంలో కింది జి స్వరం 98 హెర్ట్జ్. అంటే యంత్రం 35 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు) ఎక్కువ శృతిలో ఉంది. ఎక్కువమంది గూంకారాన్ని కిందికి దించుతారు. గిటార్లనే పైకి లేపడం మేలు. ట్యూనర్‌లో ‘A’ స్వరం విలువ 440 నుంచి 449కి మార్చి డ్రాప్ సి (అన్నిటికన్నా లావు తీగ సి స్వరానికి దించే శృతి) కట్టండి. గిటారు ఐదో తీగ ఖాళీగా మీటితే జి సరిగ్గా 100 మీద నిలుస్తుంది, బేస్ గిటారు మూడో తీగ 50 మీద. ఇక గూంకారమే మీ తంబూరా. తీగలు 11–56 సెట్టు చాలు. సముద్రపు ఉప్పుగాలికి నెల్లూరులో, ఒంగోలులో తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి.

రైస్ మిల్లు జల్లెడ ఊపు హై-హ్యాట్ బదులు బాగా పనికొస్తుంది. ఏరియేటర్ రెక్కల చప్పుడు తడిగా ఉంటుంది, దాన్ని నెమ్మది పాటలకే వాడండి.

కలపడం

యంత్రం ట్రాకుల్లో 90 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, ఆ చోటు బేసుకీ కిక్కుకీ (కిక్ డ్రమ్ దెబ్బకీ) కావాలి. కిక్కుని రెండు పొరలుగా కట్టండి. కింద 67 హెర్ట్జ్ దగ్గర సైన్ తరంగం, పైన గ్రానైట్ ముక్క మీద సుత్తి దెబ్బ. కిక్కు పడ్డప్పుడల్లా గూంకారం 3, 4 డెసిబెల్స్ వంగేలా సైడ్‌చెయిన్ (ఒక ట్రాకుతో ఇంకో ట్రాకు మోత తగ్గించే ఏర్పాటు) పెట్టండి. గిటార్లకి గెయిన్ అలవాటు కన్నా తగ్గించి, ఎడమ రెండు, కుడి రెండు టేకులు వేయండి. గేటు (గిటారు ఆగగానే దాని శబ్దాన్ని మూసేసే ప్లగిన్) దగ్గర మొహమాటం వద్దు, రిఫ్ మధ్య నిశ్శబ్దంలోనే యంత్రం వినపడాలి. వాయిస్తుంటే అక్కర్లేని హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. అది ఆగితే తప్పు ఎర్తింగ్‌ది.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అరిచి పాడితే ఆ అచ్చు సాగి గేటు చేసిన సందుని పూడ్చేస్తుంది. పాదం చివర సున్నా గానీ పొల్లు గానీ వచ్చేలా రాయండి, లేదా చివరి అచ్చుని ఎడిటింగ్‌లో కోయండి.

వినిపించడం

8 పాటలు, 40 నిమిషాల లోపు చాలు. అంతకుమించితే చెవి అలిసిపోయి, బాగున్న పాట కూడా గోలలా తోస్తుంది. స్పాటిఫై మామూలు సెట్టింగులో గట్టిగా ఉన్న పాటల్ని మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్‌కి (చెవికి వినపడే మోతకి కొలత) దించుతుంది. మైనస్ 9 దగ్గర మాస్టర్ చేసి, ట్రూ పీక్ (తరంగం నిజంగా చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 2 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే మంచిది. ఇంకా గట్టిగా నొక్కితే అక్కడ మోత పెరగదు, దెబ్బ చచ్చిపోతుంది.

విడుదలకి ముందు మెటల్ వినేవాళ్లకే కాదు, ఆ షెడ్డులో పనిచేసేవాళ్లకీ వినిపించండి. లూపు అతుకు ఎక్కడుందో వాళ్లే ముందు పట్టేస్తారు. ఎవరినైనా ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, అది దేనికీ పనికిరాదు. ఏ నిమిషంలో సౌండ్ తగ్గించాలనిపించిందో అడిగి రాసుకోండి. ముగ్గురు ఒకే చోటు చెప్తే అక్కడ గిటార్లు, రాతి గీరుడు, గొంతు మూడూ 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య గుద్దుకుంటున్నాయని అర్థం. గొంతుని వదిలేసి మిగతా రెంటినీ అక్కడ 3 డెసిబెల్స్ తగ్గించి, మళ్లీ వాళ్లకే వినిపించండి.