ఎక్స్‌టెన్షన్ షార్ట్‌కట్ పనిచేయడం లేదా? తీసేసే ముందు ఇవి చూడండి

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు జతచేసుకునే చిన్న ప్రోగ్రామ్. దాని షార్ట్‌కట్ (కీబోర్డు మీద నొక్కే కీల జత) నొక్కితే కదలిక లేదనగానే చాలామంది ఎక్స్‌టెన్షన్‌ను తీసేసి మళ్లీ వేసుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. తీసేస్తే దాని లోపల మీరు దాచుకున్న నోట్సు, సెట్టింగులు కూడా పోతాయి.

ముందు వేరే పేజీలో నొక్కి చూడండి. క్రోమ్ సెట్టింగ్స్ పేజీలో, వెబ్ స్టోర్‌లో ఎక్స్‌టెన్షన్లు పేజీని ముట్టుకోలేవు. పాత ట్యాబ్ అయితే రిఫ్రెష్ చేయండి. ఇన్‌కాగ్నిటోలో అయితే విడిగా అనుమతి ఇవ్వాలి.

అయినా పనిచేయకపోతే, క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్లండి. అక్కడ ఎడమవైపు కీబోర్డ్ షార్ట్‌కట్స్ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే యాడాన్స్ పేజీలోని గేర్ గుర్తు కింద చూడండి.

అసలు చిక్కు ఇక్కడే. మీ కమాండ్ (ఎక్స్‌టెన్షన్ చేసే పని) పక్కనున్న గడి ఖాళీగా ఉందా? పదిమందికి సరిచేస్తే ఎక్కువమంది దగ్గర నేను చూసింది ఆ ఖాళీ గడినే. డెవలపర్ ఎన్ని కమాండ్లు పెట్టినా, ముందుగా కీ సూచించగలిగేది 4 కమాండ్లకే. మిగతావి మీరే నింపుకోవాలి. ఆ నాలుగింటిలోనూ ఏదైనా కీని అప్పటికే ఇంకో ఎక్స్‌టెన్షన్ వాడుతుంటే, రెండోదానికి అది దక్కదు. హెచ్చరిక కూడా రాదు. అందుకే పేజీ మొత్తం కిందికి దింపి, అదే కీ ఇంకెక్కడైనా ఉందేమో ఒక్కొక్కటీ చూడండి. తొందరపడి పైపైన చూసి వదిలేయకండి.

గడి నింపేటప్పుడు కంట్రోల్ గానీ ఆల్ట్ గానీ తప్పనిసరి. విండోస్‌లో రెండూ కలిపి నొక్కితే తీసుకోదు. కంట్రోల్+టి లాంటి క్రోమ్ సొంత కీలను ఎక్స్‌టెన్షన్‌కు ఇవ్వలేం. ఆల్ట్+షిఫ్ట్ జోలికీ పోవద్దు: విండోస్‌లో తెలుగు కీబోర్డు కూడా పెట్టుకున్నవాళ్లకు అది భాష మార్చే జత. కంట్రోల్+షిఫ్ట్+అంకె బాగుంటుందని కొందరు చెబుతారు, కానీ గూగుల్ డాక్స్‌లో కంట్రోల్+షిఫ్ట్+7 నొక్కితే నంబర్ల జాబితా వస్తుంది, 8 నొక్కితే బుల్లెట్లు. విండోస్‌లో ఆల్ట్+అంకె పెట్టండి, అదీ కీబోర్డు పైవరుస అంకె. నేను ఇంకేదీ పెట్టను.

గడి పక్కన ‘ఇన్ క్రోమ్’, ‘గ్లోబల్’ అని ఉంటాయి. మొదటిదే ఉంచండి. గ్లోబల్ పెడితే మీరు వర్డ్‌లో టైప్ చేస్తున్నా ఆ కీ ఎక్స్‌టెన్షన్‌కే పోతుంది.

ఇప్పుడు మామూలు వెబ్‌సైట్ ఒకటి తెరిచి, పేజీ మీద ఒకసారి క్లిక్ చేసి, షార్ట్‌కట్ నొక్కండి.