క్లాసుకో చిన్న వెబ్‌సైటు: ఎలా పెట్టాలి? ఎలా నడపాలి?

మా శ్రీకాకుళం జిల్లాలో చాలామంది పిల్లల నాన్నలు ఊళ్లో ఉండరు. హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మ దగ్గర ఉంటుంది, రాత్రి అన్నాలయ్యాక గానీ పిల్లల చేతికి రాదు. క్లాసుకు సైటు పెట్టే టీచరు ముందు ఆలోచించాల్సింది ఆ ఫోన్ గురించే. అందులో తెరుచుకోని సైటు ఉన్నా లేనట్టే.

1. సైటు తెరవండి

గూగుల్ సైట్స్ చాలు. డబ్బు కట్టక్కర్లేదు, కోడింగ్ రానక్కర్లేదు. మీ సొంత మెయిల్ వాడకుండా క్లాసు కోసం వేరే జీమెయిల్ తెరవండి. రేపు బదిలీ అయితే తర్వాత వచ్చే టీచరుకు అప్పజెప్పొచ్చు. కంప్యూటర్‌లో గూగుల్ సైట్స్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, పేరు పెట్టండి. పబ్లిష్ నొక్కే ముందు ప్రివ్యూలో ఫోన్ బొమ్మ నొక్కి ఎలా కనిపిస్తుందో చూసుకోండి. పబ్లిష్ చేసేటప్పుడే, సెర్చ్‌లో ఈ సైటు చూపించొద్దనే గడిలో టిక్ పెట్టండి.

2. మూడు పేజీలు చాలు

‘ఈ వారం’లో పాఠం, హోంవర్కు, పరీక్ష తేదీ రాయండి. ముప్పై పేజీల పీడీఎఫ్ ఎక్కించే బదులు అయిదు లైన్లు టైప్ చేయండి, డేటా మిగులుతుంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్ష యాప్‌లో దొరికేది మళ్లీ ఎక్కించొద్దు, ఏ పేజీలో ఉందో చెబితే చాలు. ‘సందేహాలు’ పేజీలో ఒక గూగుల్ ఫారం పెట్టండి. పేరు రాయక్కర్లేదని చెబితే క్లాసులో నోరు విప్పని పిల్లలు కూడా అడుగుతారు. మూడోది ‘మా రాతలు’. దాని గురించి కింద చెబుతాను.

ఒక జాగ్రత్త. పాత ప్రశ్నపత్రాలు చాలావరకు ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో ఉంటాయి. కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఒక ఆదివారమంతా నేను సైటే పాడైందనుకుని టెన్షన్ పడ్డాను. ఫోన్లలో, వెబ్‌సైట్లలో సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయాల్సిందే. చేతితో కష్టమైతే ఫోన్‌లో గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో తెలుగు మైకు నొక్కి చదవండి, అదే టైప్ చేస్తుంది.

3. పిల్లల చేత రాయించండి

సైటుకు ప్రాణం ఇదే. నోటీసులు మాత్రమే ఉన్న సైటు నెల తిరిగేసరికి ఎవరూ తెరవరు.

‘నా ఆశయం’ లాంటి విషయాలు ఇవ్వొద్దు, అందరూ ఒకే గైడు చూసి రాస్తారు. ఇంట్లో అడిగి తెలుసుకోవాల్సినవి ఇవ్వండి. మీ పొలానికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? గొట్టా బ్యారేజీ కాలవా, చెరువా, బోరా? ఉద్దానం పిల్లలైతే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారు? ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయి? ఇప్పటి హైస్కూలు పిల్లల్లో చాలామందికి అది పెద్దవాళ్లు చెబితేనే తెలుస్తుంది.

దిద్దేటప్పుడు అక్షరదోషాలే దిద్దండి. పిల్లాడు ‘గెడ్డ’ అని రాస్తే ‘వాగు’ అని మార్చకండి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట మన జిల్లాలోదే!

4. పేర్లు, ఫొటోలు

ముఖాలు కనిపించే ఫొటోలు, ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు పెట్టొద్దు. నోటు పుస్తకం ఫొటో, పిల్లలు గీసిన బొమ్మ పెట్టొచ్చు. డిజిటల్ డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలంటుంది. కాబట్టి రాతలు పెట్టే ముందు కాగితం మీద సంతకం తీసుకోండి.

5. లింకు పంపండి

ఫోన్ లేని ఇళ్లుంటాయి. అందుకే ‘ఈ వారం’ ప్రింటు తీసి క్లాసు గోడకు అంటించండి. మిగతావాళ్లకు వాట్సాప్‌లో లింకు. నేను శనివారం రాత్రే పంపుతాను, దూరాన ఉన్న నాన్నలకు ఆదివారమే కాస్త తీరిక.

ఒకసారి చెన్నై నుంచి ఓ తండ్రి, కూతురు రాసింది చదివి వాయిస్ మెసేజ్ పెట్టాడు: “మాస్టారూ, మా గుంట రాసిన గెడ్డ మా ఊరిదే గానండీ, మదుం (తూము) ఎడంపక్క కాదు, కుడిపక్క. కాస్త సరిసెయ్యండి.”

సోమవారం ఆ అమ్మాయే సరిచేసింది.