పాత పాకెట్ కంప్యూటర్ విప్పే ముందు ఒక్క నిమిషం

1980ల నాటి, జేబులో పట్టే కంప్యూటర్లు షార్ప్ పీసీ-1500 గానీ కాసియో పీబీ-100 గానీ దొరికిందని వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. ఇంకా పనిచేస్తుంటే, లోపలి ప్రోగ్రాములు ముందు కాగితం మీద రాసుకోండి, బ్యాటరీ తీస్తే అవి పోతాయి. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో కూర్చుని కొట్టిన లెక్కలు కదా మరి.

ఆల్కలైన్ సెల్స్ కారి తెల్లగా పేరుకుని ఉంటే గ్లౌజులు వేసుకోండి. అది క్షారం, కాబట్టి ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లో కొంచెమే ముంచి తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆగలేక తడి మీదే సెల్స్ వేశారో, అంతే సంగతులు.

పీసీ-1500కు తగిలించే సీఈ-150 ప్రింటర్ కూడా ఉందా? దాంట్లోని నికెల్ కాడ్మియం బ్యాటరీ సంగతి ముందు చూడండి. తీశాక చెత్తబుట్టలో పడేయొద్దు, కాడ్మియం విషం.

డిస్‌ప్లేకు వేడి తగలొద్దు. మన వరంగల్ మే ఎండలో డాబా మీద ఆరబెట్టడం అసలే వద్దు, హెయిర్ డ్రయ్యర్ కూడా. ఎల్‌సీడీలో నల్లమరక పాకితే ఎంత తుడిచినా పోదు, ఇంకో డిస్‌ప్లే వెతుక్కోవాల్సిందే.

మెమరీ పెంచేవాళ్లు: పీబీ-100కు ఓఆర్-1 అనే మెమరీ ప్యాక్ పెడితే ప్రోగ్రాములు రాసుకునే చోటు 544 స్టెప్పుల నుంచి 1,568 అవుతుంది, సంబరమే, కానీ ఆఫ్ చేయకుండా పెట్టొద్దు. చిప్పులు సీమాస్ (CMOS) అనే రకానివి, బట్టల రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు వాటికి పడదు. చలికాలంలో పాలిస్టర్ చొక్కా, ఉన్ని స్వెటర్ పక్కన పెట్టి నూలు బట్టలతో కూర్చోండి.