మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చారా? అక్టోబరులోపే ఊపిరి సంగతి చూసుకోండి

టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, క్రేగీబర్న్ వైపు ఇల్లు తీసుకున్న మనవాళ్లలో చాలామందికి మొదటి ఏడాది ఏమీ కాదు. రెండో ఏటో మూడో ఏటో సెప్టెంబరు చివర్లో మొదలవుతుంది. పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, కళ్ల మంట, ముక్కు కారడం, అంగిట్లో గోకాలనిపించే దురద. జలుబు చేసిందనుకుని ఆవిరి పడతారు, మిరియాల పాలు తాగుతారు. జలుబైతే వారం పదిరోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం లేదు, ఒళ్లునొప్పులు లేవు, కళ్లు మాత్రం ఎర్రబడి దురదపెడుతున్నాయి, గాలి వీచిన రోజున ఎక్కువవుతోంది అంటే అది హే ఫీవర్. గడ్డి పుప్పొడి పడకపోవడం. "తుమ్ములే కదా" అని ఇక్కడ వదిలేయకూడదు. ఈ నగరంలో ఉరుములు మెరుపులతో వచ్చే ఒక్క సాయంత్రం ఆ తుమ్ముల్ని ఆస్తమాగా మార్చేయగలదు. దీన్నే ఉరుముల ఆస్తమా (థండర్‌స్టార్మ్ ఆస్తమా) అంటారు.

2016 నవంబరు 21న అదే జరిగింది. పగలు 35 డిగ్రీల ఎండ, సాయంత్రం ఉరుముల గాలి. ఆ తర్వాత 30 గంటల్లో మెల్‌బోర్న్, జీలాంగ్ ఆసుపత్రుల ఎమర్జెన్సీలకు ఊపిరి ఆడక వచ్చినవాళ్లు మామూలు కంటే 3,000 మందికి పైగా ఎక్కువ. పదిమంది చనిపోయారు. వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందు ఆస్తమా అని ఎవరూ చెప్పలేదు. ఎక్కువమందికి ఉన్నది హే ఫీవరే. జనాభాలో వాటాతో పోలిస్తే భారత్, శ్రీలంక, ఆగ్నేయాసియాల్లో పుట్టినవాళ్లు అందులో బాగా ఎక్కువగా ఉన్నారు. అందుకే ఇది ప్రత్యేకంగా మనకోసం రాయాల్సిన విషయం.

అసలు ఏం జరుగుతుంది

కారణం రైగ్రాస్ అనే గడ్డి. పశువుల మేతకోసం విక్టోరియా రాష్ట్రమంతటా పెంచుతారు, రోడ్ల పక్కన దానంతటదే మొలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూస్తుంది. నగరానికి ఉత్తరాన, పడమరన ఉన్న గడ్డి మైదానాల మీదుగా వేడిగాలి వీచినప్పుడు ఆ పుప్పొడి ఊళ్లోకి కొట్టుకొస్తుంది. మన దగ్గర ఉత్తరపు గాలంటే చలిగాలి, ఇక్కడ ఉత్తరపు గాలి అంటే ఎడారి వైపు నుంచి వచ్చే వడగాలి. ఇది గుర్తుపెట్టుకుంటే వాతావరణ సూచన సరిగ్గా అర్థమవుతుంది.

మామూలు రోజుల్లో పుప్పొడి రేణువు పెద్దది కాబట్టి ముక్కులోనే ఆగిపోతుంది, అందుకే తుమ్ములతో సరిపోతుంది. ఉరుముల మేఘంలోని తేమ తగిలితే ఆ రేణువు ఉబ్బి పగులుతుంది. ఒక్కో దాంట్లోంచి వందల కొద్దీ సన్నని పిండి కణాలు బయటపడతాయి. మూడు మైక్రాన్ల కంటే చిన్నవైన ఈ కణాలు ముక్కును దాటి నేరుగా ఊపిరితిత్తుల సన్నగొట్టాల్లోకి వెళ్లిపోతాయి. వాన పడే ముందు నేలమీదికి విసురుగా దిగే చల్లగాలి వాటిని మనిషి ఎత్తులో చిమ్ముతుంది. ప్రమాదం వానలో కంటే వానకు ముందొచ్చే ఆ గాలిలోనే ఎక్కువ. "అబ్బ, చల్లబడింది" అని తలుపులు తీసి వరండాలోకి వచ్చే సమయం సరిగ్గా అదే.

మనవాళ్లకే ఎందుకు ఎక్కువ? ఎలర్జీ తత్వం శరీరంలో ముందే ఉన్నా, రైగ్రాస్ మనకు పరిచయం లేదు. దాన్ని ఒకటి రెండు వసంతాలు (ఇక్కడ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా) పీల్చాకే ఒంట్లో పడని గుణం తయారవుతుంది. ఆసియా నుంచి వచ్చి మెల్‌బోర్న్‌లో స్థిరపడినవాళ్లకు ఇక్కడున్న ఏళ్లు పెరిగేకొద్దీ హే ఫీవర్, ఆస్తమా పెరుగుతాయని 1990లలోనే ఇక్కడి వైద్యులు గమనించారు. మన ఊళ్లో వయ్యారిభామ పూసినప్పుడు తుమ్ములొచ్చేవాళ్లు, చిన్నప్పుడు ఉబ్బసం ఉండి పోయినవాళ్లు మొదటి ఏడాది నుంచే జాగ్రత్తపడాలి.

ఆగస్టులో చేయాల్సిన పని

ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు (జీపీ) దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఒక్క మాట తప్పకుండా చెప్పండి: "వసంతంలో తుమ్ములొస్తాయి, ఉరుముల ఆస్తమా గురించి అడగడానికి వచ్చాను." రాత్రిళ్లు దగ్గు, మెట్లెక్కితే పిల్లికూతలు, ఛాతీ బిగదీసినట్టు ఉండటం ఉంటే అవీ చెప్పాలి. రైగ్రాస్ పడుతుందో లేదో రక్తపరీక్షలో గానీ చర్మంమీద గుచ్చే పరీక్షలో గానీ తెలుస్తుంది. చర్మ పరీక్షకైతే కొన్ని రోజుల ముందు నుంచే ఎలర్జీ మాత్రలు ఆపాలి, ఎన్ని రోజులో పరీక్ష రాసిచ్చే డాక్టరునే అడగండి.

హే ఫీవర్‌కు అసలు మందు మాత్ర కాదు, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. బ్యూడెసొనైడ్, మొమెటసోన్, ఫ్లూటికసోన్ అనే పేర్లతో ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతాయి. సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు రోజూ వాడాలి. తుమ్ములొచ్చిన రోజున మాత్రమే కొట్టుకుంటే పనిచేయదు, వాపు తగ్గడానికి రోజులు పడుతుంది. చాలామందికి "స్ప్రే పనిచేయలేదు" అనిపించడానికి రెండో కారణం కొట్టుకునే తీరు. తల వెనక్కి వాల్చి గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి పోతుంది, ముక్కులో ఏమీ మిగలదు. ముందు ముక్కు చీదండి. సీసా ఊపండి, కొత్తదైతే సన్నని తుంపర వచ్చేదాకా గాల్లోకి కొట్టండి. తల కాస్త ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కు రంధ్రంలో, ఎడమచేత్తో కుడిదాంట్లో పెట్టండి. చేతులు మార్చడం వల్ల స్ప్రే మొన దానంతటదే చెవి వైపు తిరుగుతుంది. మధ్యనున్న గోడకు తగిలితే రోజులు గడిచేకొద్దీ రక్తం వస్తుంది. కొట్టాక మెల్లగా గాలి పీల్చండి చాలు.

ముక్కు దిబ్బడ వెంటనే పోగొట్టే ఆక్సీమెటజోలిన్ రకం స్ప్రేలు వేరు. మూడు రోజులు మించితే దిబ్బడ తిరగబెడుతుంది, అది లేకపోతే ముక్కే తెరుచుకోని స్థితి వస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న అవిల్ లాంటి పాత మాత్రలు మత్తునిస్తాయి. రాత్రి షిఫ్టుకు కారు నడిపేవాళ్లు, డెలివరీ చేసేవాళ్లు వాటి జోలికి పోకండి. మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్, లొరటడిన్ ఇక్కడి ఫార్మసీలోనే దొరుకుతాయి.

"పంపు అలవాటైపోతుంది"

మన ఇళ్లలో ఇన్‌హేలర్ మీద ఉన్న ఈ భయం నిజంగా ప్రాణాలమీదికి తెస్తుంది. లెక్క చూడండి: ఊపిరిగొట్టాల్ని తెరవడానికి మన దగ్గర మామూలుగా ఇచ్చే సాల్బుటమాల్ మాత్ర 2 లేదా 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్‌లో ఒక్క పఫ్ 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో ఇరవయ్యో వంతు, నలభయ్యో వంతు. మాత్ర ఒళ్లంతా తిరిగి గుండెదడ, చేతుల వణుకు తెప్పిస్తుంది. పంపు మందు కావాల్సిన చోటికే పోతుంది.

నీలంరంగు రిలీవర్‌ను, అంటే సాల్బుటమాల్‌ను, ఆస్ట్రేలియాలో ఫార్మసిస్టును అడిగి ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కోవచ్చు. హే ఫీవర్ ఉన్న ఇంట్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకటి ఉండాలి. దాంతోపాటు స్పేసర్, అంటే పంపుకు తగిలించి మందు పీల్చే ప్లాస్టిక్ గొట్టం, కొనండి. అది లేకుండా కొట్టుకుంటే మందులో ఎక్కువ భాగం నాలుకకూ గొంతుకూ అంటుకుంటుంది. కొత్త స్పేసర్‌ను గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే ద్రవం వేసి ముంచి తీసి, మళ్లీ నీళ్లతో కడగకుండా, తుడవకుండా ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్తు పట్టి మందు గోడలకే అతుక్కుంటుంది.

అయితే రిలీవర్ ఒక్కదానితోనే బండి లాగించకూడదు. గొట్టాల్లో వాపు తగ్గించేది రోజూ వాడే ప్రివెంటర్. ఆస్తమా ఉందని తేలినవాళ్లకు జీపీ అది రాసి, ఏ లక్షణం వస్తే ఏం చేయాలో కాగితం మీద రాసిస్తారు. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు కూడా పంపండి.

ఆ రోజు

మెల్‌బోర్న్ పోలెన్ యాప్‌లో గడ్డి పుప్పొడి లెక్క చూడండి. ఘనపు మీటరు గాలిలో 50 దాటితే ఎక్కువ, 100 దాటితే తీవ్రం. విక్‌ఎమర్జెన్సీ యాప్‌లో అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు ఉరుముల ఆస్తమా సూచన మూడు రోజుల ముందు నుంచి రంగుల్లో వస్తుంది. ఎరుపు ఉన్న రోజు సాయంత్రం పిల్లల క్రికెట్ ప్రాక్టీసు, దీపావళి వేడుక, పార్కులో పుట్టినరోజు ఏదైనా సరే, గాలి మారకముందే లోపలికి వచ్చేయాలి.

తలుపులు, కిటికీలు మూయాలి. ఆ తర్వాత ఇంటి పైకప్పు మీద ఉన్నదేమిటో చూడండి. పడమటి శివార్లలో చాలా ఇళ్లకు ఎవాపరేటివ్ కూలింగ్ ఉంటుంది. మన ఊళ్లో గడ్డిపరకల కూలర్ లాంటిదే అది, బయటి గాలిని తడిపి ఇల్లంతా పంపుతుంది. కిటికీలన్నీ మూసినా అది నడుస్తుంటే పిండి కణాలు నేరుగా పడకగదిలోకి వస్తాయి. గోడమీది స్విచ్ ఆపేయండి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, దాన్ని వాడుకోవచ్చు. అద్దె ఇంట్లో ఏది ఉందో తెలియకపోతే ఎండలు ముదరకముందే ఏజెంట్‌ను అడగండి. కారులో ఉంటే గాలి లోపలే తిరిగే బటన్ నొక్కి అద్దాలు ఎత్తేయండి.

దగ్గు ఆగకపోయినా, ఛాతీ బిగించినా, కూతలు వచ్చినా మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టకండి. పంపు ఊపి స్పేసర్‌లోకి ఒక పఫ్, నాలుగు శ్వాసలు. మళ్లీ ఊపి ఇంకో పఫ్. ఇలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మరో నాలుగు. అప్పటికీ తగ్గకపోతే ఎమర్జెన్సీ నంబరు 000కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ప్రతి నాలుగు నిమిషాలకు నాలుగు పఫ్‌లు ఇస్తూ ఉండండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, ఆస్తమా అవునో కాదో తెలియకపోయినా ఆగకుండా ముందే 000. "ఆస్తమా" అన్న మాట మొదటే చెప్పండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే "తెలుగు" అనండి, దుబాసీని కలుపుతారు. ఎమర్జెన్సీ కాని సందేహాలకు నర్స్ ఆన్ కాల్ 1300 60 60 24 రాత్రింబవళ్లూ పనిచేస్తుంది.

డబ్బుకు భయపడి అంబులెన్స్ పిలవకపోవడం మనవాళ్లలో ఉంది. విక్టోరియాలో ప్రభుత్వ వైద్యబీమా మెడికేర్ అంబులెన్స్ ఖర్చు ఇవ్వదు, బిల్లు వెయ్యి డాలర్లు దాటుతుంది. విదేశీ విద్యార్థుల ఆరోగ్య బీమా ఓఎస్‌హెచ్‌సీలో ఎమర్జెన్సీ అంబులెన్స్ ఉంటుంది. వర్క్ వీసా వాళ్లు తమ పాలసీలో ఆ పంక్తి వెతుక్కోవాలి. పీఆర్ వచ్చినవాళ్లు ఆ రోజే అంబులెన్స్ విక్టోరియా సభ్యత్వం తీసుకుంటే ఏడాదికి కుటుంబమంతటికీ కలిపి అయ్యేది ఆ బిల్లులో చిన్న వాటా.

ఇక ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు. కాన్పుకో పండక్కో అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్లే ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లైతే రోజూ వాడే ఇన్‌హేలర్‌ను మూడు నెలలకు సరిపడా ప్రిస్క్రిప్షన్‌తో సహా, లగేజీలో కాకుండా చేతిసంచిలో తెచ్చుకోమనండి. బీపీకి వాడే ప్రొప్రనలోల్, గ్లకోమాకు వేసే టిమొలోల్ కంటిచుక్కలు ఆస్తమా ఉన్నవాళ్లలో గొట్టాల్ని బిగిస్తాయి. అలాంటివి వాడుతుంటే తమంతట తాము ఆపకూడదు, టికెట్ తీసుకునే ముందే అక్కడి డాక్టరును అడగాలి. ట్రావెల్ ఇన్సూరెన్సులో ముందునుంచీ ఉన్న ఆస్తమాకు, అంబులెన్స్‌కు కవరేజీ ఉందో లేదో పాలసీ కొనే ముందే చూడండి.